చక్కెర దీవిలో మన ఆడపడుచులు



ఈవేళ మిమ్మల్ని ఒక కూరగాయల బజారుకు తీసుకెళ్తాను. సంచీ తీసుకోనక్కర్లేదు, చెప్పులేసుకోనక్కర్లేదు. ఆ బజారు మన తిరుపతిలోనూ లేదు, మదరాసులోనూ లేదు. హిందూ మహాసముద్రంలో, ఆఫ్రికా ఖండానికి దగ్గరగా ఉన్న ఒక దీవిలో ఉంది. అక్కడ బుట్ట ముందు కూర్చున్న ఆమెను కొత్తిమీర కావాలని అడగాలంటే 'కొతోమిలి' అనాలి. కరివేపాకును 'కరిపులే' అంటారు. మునగాకు 'బ్రెద్ మురుమ్'. బీరకాయ 'పిపంగాయ్'. పొట్లకాయ 'పతోల్'. మన చారుకు అక్కడి పేరు 'రాసోన్'. పచ్చడి 'సతిని'. మసాలా నూరుకునే సన్నికల్లును 'రోస్ కారి' అంటారు, అంటే కూర రాయి అని అర్థం. దాని మీద దొర్లించే పొత్రాన్ని 'బాబా' అంటారు. బాబా అంటే ఆ భాషలో పసిబిడ్డ. మన కొన్ని ఇళ్లల్లో బారసాలనాడు పొత్రాన్ని బిడ్డలాగా అలంకరించే ఆచారం గుర్తుకొస్తోంది కదూ!

ఆ దీవి పేరు మారిషస్. ఆ భాష పేరు క్రియోల్. చాలా మాటలు ఫ్రెంచి భాషవి. కానీ వంటింటి మాటల్లో మాత్రం ఇన్ని మన దక్షిణాదివి ఎట్లా చేరాయి? రాజులు తీసుకెళ్లారా? పండితులు తీసుకెళ్లారా? కాదు. కొంగున ముడి వేసుకున్న గింజలతోనూ, నాలుక మీది రుచితోనూ కూలిజనం తీసుకెళ్లారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్ల కథే ఈవేళ చెప్పబోయేది.

ముందు ఆ దీవి సంగతి కాస్త తెలుసుకుందాం. అది మడగాస్కరుకు తూర్పున ఉంది. పెద్దదేమీ కాదు, సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. మన జిల్లాలో కొన్ని మండలాలు కలిపితే అంతవుతుంది. నాలుగు వందల ఏళ్ల కిందట అక్కడ మనుషులే కాపురం ఉండేవారు కారు. 1598లో డచ్చివాళ్లు దిగి, తమ యువరాజు మారిస్ పేరు మీద మారిషస్ అని పిలిచారు. జావా నుంచి జింకలనూ చెరుకునూ తెచ్చింది వాళ్లే. ఎగరలేని డోడో పక్షి గురించి పిల్లల పుస్తకాల్లో చదివే ఉంటారు. అది పుట్టిందీ గిట్టిందీ ఆ దీవిలోనే. మనుషులూ, వాళ్ల వెంట వచ్చిన పందులూ ఎలుకలూ కోతులూ అడుగుపెట్టిన నూరేళ్లలోపే ఆ పక్షి జాతి అంతరించిపోయింది.

1710లో డచ్చివాళ్లు దీవిని వదిలిపెట్టి వెళ్లిపోయారు. 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చారు. 1810లో ఇంగ్లీషువాళ్లు దాన్ని గెలుచుకున్నారు. 1968 మార్చి 12 దాకా దీవి ఇంగ్లీషువాళ్ల చేతిలోనే ఉంది. కానీ చిత్రం ఏమిటంటే, జెండా మారినా భూములూ మిల్లులూ ఫ్రెంచివారివే. మాట ఫ్రెంచి, చట్టం ఫ్రెంచి, పైన ప్రభుత్వం ఇంగ్లీషు. అత్తగారి పెత్తనం ఒకరిది, తాళంచెవుల గుత్తి మరొకరిది అన్నమాట!

చంద్రగిరికీ ఆ దీవికీ ఏమిటి సంబంధం?

మా చంద్రగిరి కోటను మీలో చాలామంది చూసే ఉంటారు. తిరుపతికి వచ్చినవాళ్లు కొండ దిగాక ఓ పూట ఇటు వచ్చి, మూడంతస్తుల రాజమహలూ, పక్కన రాణీమహలూ చూసి వెళుతుంటారు. విజయనగరం కూలిపోయాక అరవీటి రాజులు ఇక్కడినుంచి ఏలారు. 1639లో ఇంగ్లీషు కంపెనీవాళ్లకు సముద్రపు ఒడ్డున మదరాసు నేల ఇచ్చింది ఈ రాజుల కింది నాయకుడు దామెర్ల వెంకటాద్రి. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయింది. 1645లో శ్రీరంగరాయలు ఆ దానాన్ని ఖాయం చేశారు. ఆ మరుసటి ఏడే చంద్రగిరి గోలకొండ వశమయింది. మా కోట పడిపోయింది, ఆ ఇసుక తిన్నె మాత్రం మహాపట్టణమై కూర్చుంది.

ఇప్పుడు వినండి. అట్లా పెరిగిన మదరాసును 1746లో ఒకసారి ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. ఆ పట్టుకున్న నౌకాదళం ఎక్కడినుంచి వచ్చిందనుకుంటున్నారు? మారిషస్ నుంచే. దాన్ని నడిపినవాడు ఆ దీవి గవర్నరు లాబూర్దొనే. ఇతను 1735లో ఆ దీవికి వచ్చి, పోర్ట్ లూయిస్ అనే రేవుపట్నాన్ని కట్టించాడు. రాళ్లు చెక్కడానికీ, సున్నం వేయడానికీ, ఓడలు బాగుచేయడానికీ మన దక్షిణాది నుంచి మేస్త్రీలనూ పనివాళ్లనూ రప్పించుకున్నాడు. ఆ రేవులో సముద్రానికి ఎదురుగా అతని విగ్రహం ఈనాటికీ నిలబడి ఉంది. రాళ్లు మోసినవాళ్లకు మాత్రం విగ్రహాలుండవు కదా.

ఒప్పందం ప్రకారం 1749లో మదరాసు మళ్లీ ఇంగ్లీషువారికి దక్కింది. వాళ్ల కొట్లాటలు వాళ్లవి. కాని మన సముద్రపు ఒడ్డుకూ ఆ దీవికీ మధ్య అప్పుడు పడిన దారి మాత్రం చెరిగిపోలేదు. నూరేళ్ల తర్వాత అదే దారిన మన వాళ్లు వెళ్లారు.

చక్కెర కోసం

ఆ దీవి భాగ్యం, దౌర్భాగ్యం రెండూ చెరుకులోనే ఉన్నాయి. 1825లో మారిషస్ చక్కెర మీద సుంకాన్ని ఇంగ్లీషు ప్రభుత్వం తగ్గించి, వెస్టిండీసు చక్కెరతో సమానం చేసింది. దాంతో లండనులో గిరాకీ పెరిగింది. తోటల యజమానులు అడవులు నరికించి చెరుకు వేయించారు. పనిచేసేది ఎవరు? ఆఫ్రికా నుంచీ మడగాస్కరు నుంచీ పట్టి తెచ్చిన బానిసలు. 1835 ఫిబ్రవరి 1న ఆ దీవిలో బానిసత్వం రద్దయింది. అరవై వేల మందికి పైగా విముక్తులయ్యారు. అయితే ఒక విడ్డూరం చూడండి. నష్టపరిహారం ఇచ్చింది బానిసలకు కాదు, బానిసల యజమానులకు! ఇరవై లక్షల పౌన్లకు పైగా వాళ్ల చేతుల్లో పోశారు. దెబ్బలు తిన్నవారికి చిల్లికాసు లేదు. విడుదలైనవాళ్లు ఆ తోటల మొహం మళ్లీ చూడదలచుకోలేదు. ఎవరు మాత్రం చూస్తారు?

అప్పుడు యజమానుల కన్ను మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడలో 36 మంది కూలీలు కలకత్తా నుంచి అక్కడ దిగారు. అది మొదలు. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, కట్టుకోను బట్ట. బానిస కాదు, కూలీ అన్నారు. కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆ కాగితంలో ఏముందో చదవగలిగినవాళ్లు ఎందరు? ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా అట్లా వెళ్లినవారు నాలుగున్నర లక్షలకు పైమాటే. వాళ్లలో దాదాపు మూడో వంతు మన మదరాసు రాజధాని నుంచి పోయినవారు, అంటే తమిళులూ తెలుగువాళ్లూ.

తెలుగువాళ్లు ఎక్కువగా గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కదిలారు. కాకినాడ దగ్గర కోరంగి అనే రేవు ఉండేది. ఓడలు కట్టడంలో దానికి పెద్ద పేరు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ ఊరిని ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత అది మునుపటి దశకు రాలేదు. రేవు పోయింది కానీ పేరు మిగిలింది. సముద్రం దాటిన తెలుగువాడిని బర్మాలోనూ, మారిషస్‌లోనూ కూడా 'కోరంగి' అనే పిలిచారు.

ఎందుకు వెళ్లారు అంటారేమో. కడుపు చేతబట్టుకుని వెళ్లారు. 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు పీడించింది. 1876లో ధాత కరువు వచ్చింది. మన రాయలసీమలో ముసలివాళ్ల నోట ఆ మాట ఇప్పటికీ వినపడుతుంది. ఇంట్లో గింజ లేనప్పుడు, 'అక్కడ రాళ్లు తిరగేస్తే బంగారం దొరుకుతుంది' అని చెప్పే ఏజెంటు మాటలు తియ్యగానే ఉంటాయి. అందరూ మోసపోయే వెళ్లారనీ చెప్పలేం. అప్పులూ, ఇంటి పోరూ, వెట్టిచాకిరీ తప్పించుకోవాలని తెలిసి వెళ్లినవారూ ఉన్నారు. వెళ్లిన అన్న రాసిన కబురు విని తమ్ముడు వెళ్లడమూ ఉంది. తలరాత వెతుక్కుంటూ వెళ్లిన వితంతువులూ ఉన్నారు.

పదహారు మెట్లు

వారాల తరబడి ఓడ మీద కుదుపు తిని పోర్ట్ లూయిస్ రేవులో దిగితే ఎదురుగా మెట్లు. పదహారు రాతి మెట్లు. 1849లో అక్కడ వలసకూలీల కోసం ఒక ఠాణా లాంటిది కట్టారు. గేటు, ఆస్పత్రి గది, వంటశాల, స్నానాల గదులు, గుమాస్తాల గది, కూలీలు పడుకునే పాక. సాధారణంగా ఒకటి రెండు రోజులు అక్కడ ఉంచి, పేరు రాసి, నంబరు ఇచ్చి, తోటలకు పంచేవారు. ఇవాళ ఆ చోటును 'ఆప్రవాసీ ఘాట్' అంటున్నారు. 2006లో యునెస్కోవారు దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. తాజ్‌మహలుకు ఇచ్చిన గౌరవమే ఇది సుమండీ. ఒకచోట పాలరాతి సమాధి, ఇంకొకచోట కూలీలు ఎక్కిన మెట్లు. ఏటా నవంబరు 2న ఆ దీవిలో సెలవు ఇచ్చి, ఆ మెట్ల దగ్గర పూలు ఉంచుతారు.

ఆ గుమాస్తా పుస్తకంలో ఏం రాసేవారో వినండి. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చలు, కులం, ఊరు, జిల్లా. రాసేవాడికి మన భాష రాదు. చెప్పేవాళ్లకు అతని భాష రాదు. ఇంకేముంది, అప్పన్న ఒకలా, సింహాద్రి ఒకలా, నరసింహులు ఇంకోలా మారిపోయారు. ఇంటిపేరు అన్న మాటే ఆ పుస్తకంలో లేదు. తర్వాత తరంలో తండ్రి పేరే ఇంటిపేరుగా ఘనీభవించింది. రాములు కొడుకు, మనవడు, మునిమనవడు అందరూ రాములు వంశమే. అసలు ఇంటిపేరు ఆ మెట్ల మీదే జారిపోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర మళ్లీ వస్తాను.

తోటలో కాపురం

ఇక అక్కడి రోజువారీ బతుకు. మిల్లు పక్కనే కూలీలైన్లు. వాటిని క్యాంపులనేవారు. రెల్లుకప్పు గుడిసెలు, మట్టి నేల. తెల్లవారకముందే గంట కొడతారు. సర్దారు, అంటే మేస్త్రీ, హాజరు పిలుస్తాడు. చెరుకు ఆకు అంచు కత్తిలా కోస్తుంది. చేతులు నెత్తురోడతాయి. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల జీతం కోసేవారు. దీనికి 'డబుల్ కట్' అని పేరు. జ్వరంతో వారం పడుకున్నవాడు లేచేసరికి నెల జీతంలో సగం ఆవిరి! మనం పనిమనిషి నాగాలకు డబ్బు కోసేటప్పుడు ఈ సంగతి ఒక్కసారి తలుచుకుంటే మంచిదేమో.

తోట దాటి బయటికి వెళ్లాలంటే చీటీ చూపించాలి. 1867లో వచ్చిన చట్టంతో పాత కూలీలు కూడా ఫొటో అతికించిన టిక్కెట్టు దగ్గర పెట్టుకుని తిరగాలన్నారు. పోలీసు అడిగినప్పుడు లేకపోతే దేశద్రిమ్మరి అని జైలు. ఇప్పుడు ఆ ఫొటోలే చరిత్రకారులకు నిధి అయ్యాయి. రాజులకూ జమీందార్లకూ తప్ప ఫొటో లేని రోజుల్లో, కూలి చేసుకునే మన మనుషుల ముఖాలు వేలకొద్దీ కనపడేది ఆ టిక్కెట్ల పుణ్యమా అనే. పట్టుకోవడానికి తీసిన ఫొటో, పోగొట్టుకోకుండా ఉండడానికి పనికొచ్చింది.

మరి ఆడవాళ్లో? మొదట్లో ఓడల్లో ఆడవాళ్లు చాలా తక్కువ. యజమానులకు కావలసింది చెరుకు నరికే చేతులు కానీ సంసారాలు కాదు. తర్వాత, పందొమ్మిదో శతాబ్దం నడిమికి, మగవాళ్లతోపాటు ఇంతమంది ఆడవాళ్లు ఉండి తీరాలని నియమం వచ్చింది. చాలామంది ఆడవాళ్లు తమ పేర ఒప్పందం లేకుండా, భార్యగానో కూతురుగానో వచ్చారు. వచ్చాక చేతులు కట్టుక్కూర్చున్నారా? కలుపు తీశారు, ఆకు దూశారు, గోవును పెంచి పాలు అమ్మారు, గుడిసె వెనక కూరగాయలు పండించి బజారుకు మోశారు. కూలి మాత్రం మగవారికన్నా తక్కువ.

ఇంకొక అన్యాయం ఉంది. మన పద్ధతిలో, అగ్నిసాక్షిగా, తాళి కట్టిన పెళ్లి అక్కడి చట్టానికి పెళ్లి కాదు. కచేరీలో రిజిస్టరు చేయిస్తేనే పెళ్లి. కచేరీ గడప తొక్కలేని పేదదంపతుల పిల్లలు చట్టం దృష్టిలో న్యాయమైన సంతానం కారు. భర్త పోతే ఆమెకు హక్కు నిలబడడం కష్టం. పెళ్లి రిజిస్ట్రేషను అంటే మనలో చాలామంది 'ఆ, ఎందుకులెద్దూ' అని తేలిగ్గా తీసిపారేస్తాం. ఆ కాగితం లేక ఎందరు ఇల్లాళ్లు ఏడ్చారో ఆ దీవిని అడిగితే చెబుతుంది.

ఇన్ని కష్టాల్లోనూ వంటిల్లు నిలిచింది. రేషను బియ్యం, పప్పు ఉండనే ఉన్నాయి. కరివేపాకు మొక్క, మునగ కొమ్మ, బీర పాదు ఉంటే చాలు, ఇల్లు ఇల్లవుతుంది. బీహారు నుంచి వచ్చిన ఆడవాళ్లు పప్పు కూరిన పూరీ చేశారు. మనవాళ్లు చారు కాచారు. పప్పు రుబ్బి, మిరపకాయ వేసి, నూనెలో వేయించే 'గాతో పిమా' ఉంది చూశారూ, అది మన మసాలా వడకు అక్కచెల్లెలే. ఇవాళ ఆ దీవిలో దాన్ని అందరూ తింటారు. హిందువులూ, ముస్లిములూ, చీనావారూ, ఆఫ్రికా సంతతివారూ, ఫ్రెంచి సంతతివారూ. జాతుల మధ్య గోడలు కట్టింది తోట యజమాని. ఆ గోడకు కిటికీ పెట్టింది వంటింటి ఆడది అనుకుంటాను నేను.

ఊరికి రెండో ముఖం

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. దొరల మారిషస్ చూడముచ్చటైనదే. పోర్ట్ లూయిస్‌లో 1812 నుంచీ గుర్రప్పందేలు జరిగిన షాం ద మార్స్ మైదానం ఉంది. 1822లో తెరిచిన నాటకశాల ఉంది. ఊరి నడుమ గుట్ట మీద సిటడెల్ అనే నల్లరాతి కోట ఉంది. పాంప్లెమూస్ అనే ఊళ్లో పెద్ద తోట ఉంది. పియర్ ప్వావర్ అనే అధికారి 1770 ప్రాంతంలో లవంగం, జాజికాయ మొక్కలు దొంగచాటుగా తెప్పించి అక్కడ నాటించాడు. మన పోపులడబ్బాలో, మసాలాడబ్బాలో ఉండే ఆ చిన్న దినుసుల కోసం రాజ్యాలు దొంగతనాలు చేశాయంటే నమ్మండి! ఆ తోట కొలనులో పళ్లెమంతేసి ఆకులున్న కలువలు ఉంటాయి. పళ్లెం అంటే మన కంచం కాదు, పెళ్లిలో వడ్డనకు తెచ్చే పెద్ద తాంబాళం అనుకోండి, ఇంకా పెద్దవే. కొన్ని దశాబ్దాలకు ఒక్కసారే పూచి, పూచిన తర్వాత చచ్చిపోయే తాటిజాతి చెట్టూ అక్కడ ఉంది.

మన ఆడవాళ్లకు నచ్చే ముచ్చట ఇంకొకటి. 1847 సెప్టెంబరులో ఆ దీవి సొంతంగా తపాలాబిళ్లలు అచ్చువేసింది. నారింజరంగుది ఒక పెన్నీ, నీలంరంగుది రెండు పెన్నీలు, ఒక్కోటి 500 మాత్రమే. గవర్నరుగారి భార్య లేడీ గామ్ తన విందునాట్యానికి ఆహ్వానపత్రాలు పంపడానికి వాటిలో కొన్నింటిని వాడింది. ఇవాళ ఆ రెండు రకాలూ కలిపి 27 మాత్రమే మిగిలాయి. ఒక్కొక్కదాని ఖరీదు కోట్లలో మాట. పోర్ట్ లూయిస్‌లో వాటి కోసమే 2001లో ఒక మ్యూజియం తెరిచారు. విందుకు పిలిచిన కవరు మీది బిళ్లకు అద్దాల పెట్టె దొరికింది. అదే సంవత్సరాల్లో, అదే రేవులో దిగిన ఆడమనిషి కొంగున ఏం తెచ్చుకుందో ఎవరూ దాచిపెట్టలేదు. అందుకే నేను బజారులో మొదలుపెట్టాను. ఆమెకు మ్యూజియం ఆ కూరగాయల బుట్టే.

1866-68 నడుమ మలేరియా వచ్చి ఆ దీవిలో వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. ఉన్నవాళ్లు రేవుపట్నం విడిచి, చల్లగా ఉండే పైభూములకు, క్యూర్‌పిప్ ప్రాంతానికి మకాం మార్చారు. 1864లో వేసిన రైలు అందుకు అక్కరకు వచ్చింది. లేనివాళ్లు క్యాంపుల్లోనే ఉండిపోయారు. జ్వరానికి పేదాగొప్పా తేడా లేదంటారు కానీ, పరుగెత్తడానికి మాత్రం ఆ తేడా ఉంది.

తల ఎత్తిన రోజులు

కూలీల కష్టాలు చూడలేక ప్లెవిట్జ్ అనే ఒక తెల్లదొర 1871లో వాళ్ల తరఫున మహజరు తయారుచేశాడు. వేలమంది కూలీలు దాని మీద సంతకాలూ గుర్తులూ పెట్టారు. తోటి తెల్లవాళ్లు అతణ్ణి బజార్లో కొట్టారు. అయినా 1872లో విచారణ సంఘం వచ్చింది, కూలీల మాట నిజమేనని తేలింది. 1901లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి వస్తూ ఓడ ఆగినందున కొన్నివారాలు ఆ దీవిలో ఉన్నారు. పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లో పాలుపంచుకోండి అని అక్కడి మనవాళ్లకు చెప్పారు. 1907లో మణిలాల్ డాక్టర్ అనే వకీలు వచ్చి కూలీల తరఫున కోర్టుల్లో వాదించాడు. డబుల్ కట్ పోయింది, కొత్త కూలీల రాకా ఆగింది. దీవి స్వతంత్రం కావడానికి ఎంచుకున్న రోజు మార్చి 12. 1930లో గాంధీగారు దండి ఉప్పుయాత్రకు బయలుదేరిన తారీఖు అది. ఉప్పు తిన్న విశ్వాసం అంటే ఇదే కాబోలు, చక్కెర దీవి ఉప్పును మరచిపోలేదు!

ఏం నిలిచింది, ఏం జారిపోయింది?

తెలుగువాళ్లు అక్కడ చిన్న సంఖ్యే. అయినా ఉగాదికి ఆ దేశమంతటికీ సెలవు ఇస్తారు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, దీపం చుట్టూ రామభజనలు నేటికీ ఉన్నాయి. 1940లలో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. బడుల్లో తెలుగు నేర్చుకునే ఏర్పాటు ఉంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. బీహారు నుంచి వెళ్లిన ఆడవాళ్లు పెళ్లిళ్లలో పాడుకునే పాటలకు 2016లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చదువురాని అవ్వలు పిల్లలకు నోటితో అందించిన పాటలవి. అంతకుముందు, 2014లో, బానిసల సంతతి పాట అయిన సెగాకూ అదే గౌరవం దక్కింది.

నిలవనిది భాష. ఇంట్లో క్రియోలు, బడిలో ఇంగ్లీషు, పత్రికల్లో ఫ్రెంచి. తెలుగు పూజగదిలోనూ, పాఠాల్లోనూ మిగిలింది. వంటింట్లో మాటలు మిగిలాయి, వాక్యాలు పోయాయి. మరి ఆ ఇంటిపేరు సంగతో?

ఆ దీవిలో మోకా అనేచోట మహాత్మాగాంధీ సంస్థ ఉంది. 1970లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. పాత వలస పుస్తకాలు, ఫొటోలు అక్కడే భద్రపరిచారు. తాతల నంబరు వెతుక్కుని, ఊరిపేరు కనుక్కుని, ఆ ముక్క పట్టుకుని మన దేశానికి వచ్చేవాళ్లు ఉన్నారు. 2024 మార్చిలో మన రాష్ట్రపతి ఆ దీవికి వెళ్లినప్పుడు, ఏడో తరం దాకా అక్కడి భారతీయ సంతతివారికి ఓసీఐ కార్డుకు అర్హత ఇస్తున్నామని ప్రకటించారు. అంటే ఆ పాత పుస్తకంలోని ఒక్క గీతకు ఇప్పుడు మళ్లీ ప్రాణం వచ్చిందన్నమాట.

కానీ ఆలోచించండి. వాళ్ల వైపు నంబరు ఉంది, ఫొటో ఉంది, తప్పుల తడకగానైనా ఊరిపేరు ఉంది. వాళ్లు వచ్చి మన గుమ్మంలో నిలబడి, 'మా ముత్తవ్వ పేరు లక్ష్మి, తండ్రి పేరు అప్పన్న, ఈ ఊరే' అంటే, మన వైపు ఏముంది? ఆ రోజుల్లో సముద్రం దాటినవాళ్లను చచ్చినవాళ్ల కింద లెక్కకట్టి పేరెత్తకుండా ఊరుకున్న ఇళ్లు ఎన్నో. అందులోనూ ఆడకూతురు వెళ్లిపోతే ఇక చెప్పేదేముంది? వెళ్లినవాళ్ల పేర్లు పరాయి గుమాస్తా రాసిపెట్టాడు. ఉండిపోయిన మనం రాసిపెట్టుకోలేదు.

అంతెందుకు, మీ అమ్మమ్మ తల్లి పేరు మీకు తెలుసా? ఆమె పుట్టింటి ఇంటిపేరు? ఆమె ఊరు? మగవారి వరస ఏడు తరాల దాకా తద్దినాలప్పుడు చెప్పుకుంటాం. ఆడవారి వరస రెండు తరాలకే తెగిపోతుంది. ఓడ ఎక్కకుండానే మన ముత్తవ్వలు ఇంటిపేరు పోగొట్టుకున్నారు. మూడు ముళ్లు పడ్డరోజునే ఒకటి మారిపోతుంది, దాని వెనకది ఎవరికీ పట్టదు.

అందుచేత ఒక చిన్న పని చెబుతాను. ఖర్చు లేనిది. పాత నోటుపుస్తకం ఒకటి తీసుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాయండి. తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి. పేరు, పుట్టినింటి పేరు, ఊరు, తోబుట్టువులు, ఎవరైనా రంగూనుకో, మలయాకో, మారిషస్‌కో, నాటాలుకో వెళ్లి తిరిగిరాలేదా అన్న సంగతి. ఊళ్ల పేర్లు ఇప్పుడెట్లా రాస్తున్నారో కాక, పెద్దలు ఎట్లా పలుకుతారో అట్లాగే రాయండి. గుమాస్తా విన్నది ఆ పలుకునే. పాత దస్తావేజులు, పెళ్లి శుభలేఖలు, ఉత్తరాలు ఉంటే చెదలు పట్టకుండా ఒక డబ్బాలో పెట్టండి. వెనకటి ఫొటోల వెనక పెన్సిలుతో ఎవరెవరో రాయండి. పిల్లలకు సెలవుల్లో ఇదే పని అప్పగించినా మంచిదే. అవ్వ దగ్గర ఓ గంట కూర్చోవడానికి వాళ్లకు ఒక సాకు దొరుకుతుంది.

రేపు ఎప్పుడైనా సముద్రానికి ఆవలి గట్టునుంచి ఎవరో ఒక ఆడపడుచు మనవరాలు మన గుమ్మం వెతుక్కుంటూ వస్తే, కూర్చోబెట్టి కాఫీ ఇవ్వడం మనకు తెలుసు. అందులో చక్కెర వేయడమూ తెలుసు. 'ఆఁ, మా పుస్తకంలో ఉందమ్మా ఆ పేరు' అని చెప్పగలగడం మాత్రం, ఇవాళ మనం రాసిపెట్టుకుంటేనే వీలవుతుంది.

సెలవు.